తాళం తీసి ఉన్న ఆట

2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో రెడ్‌మీ 2 ప్రైమ్ అనే ఫోను విడుదలైంది. షావోమీ కంపెనీ మన దేశంలో తయారు చేయించిన మొట్టమొదటి ఫోను అది. పుట్టింది ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొసన, శ్రీసిటీలో ఉన్న ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. వెల 6,999 రూపాయలు. 4.7 అంగుళాల తెర, నాలుగు కోర్ల స్నాప్‌డ్రాగన్ 410 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, వెనక మూత ఊడదీసి ఎవరికి వారు మార్చుకోగల బ్యాటరీ. ఏడు వేలకు ఇంతకన్నా ఏం కావాలి అనిపించిన రోజులవి.

ఆ తరం ఫోన్లు తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక, ఎక్స్చేంజిలో వచ్చే కొద్దిపాటి డబ్బుకు ఆశపడక, పాత పాస్‌బుక్కుల పక్కన సొరుగులో పెట్టేసిన ఫోన్లు. ఆండ్రాయిడ్ 4.4 దగ్గరే ఆగిపోయిన ఫోనులో ఇప్పుడు వాట్సాప్ నడవదు. బ్యాంకు యాప్ ఎక్కదు. పిల్లలు ఆడే కొత్త ఆటలు ఎక్కించబోతే సగంలోనే చేతులెత్తేస్తుంది. దాంతో దీని పని అయిపోయిందని ఇంట్లోవాళ్లు తీర్మానిస్తారు.

ఆ తీర్మానం సరికాదు. ఆ ఫోనుకు శక్తి తగ్గలేదు. మనం దాన్ని అడిగే పనులు పెరిగాయి, అంతే.

ఎంత శక్తి ఉందో లెక్క చూస్తే తెలుస్తుంది. 1993 డిసెంబరు 10న అమెరికాలో ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ ‘డూమ్’ అనే షూటింగ్ ఆటను విడుదల చేసింది. ఒక విశ్వవిద్యాలయం సర్వర్‌లోకి ఎక్కించబోతే, దించుకోవడానికి కాచుకుని ఉన్న జనం రద్దీకి వాళ్లకే లోపలికి దారి దొరకలేదు. ఆ ఆట నడవాలంటే కావలసింది 386 ప్రాసెసరు, 4 ఎంబీ ర్యామ్. శ్రీసిటీ ఫోనులో ఉన్న ర్యామ్ దానికి 512 రెట్లు. డూమ్ గీసే తెర 320 అడ్డం, 200 నిలువు, అంటే 64,000 చుక్కలు. ఈ ఫోను తెర మీద ఉన్న చుక్కలు 9,21,600. ఒకప్పుడు ఒక బల్లంతా ఆక్రమించిన కంప్యూటరు చేసిన పనిని, సొరుగులోని ఈ ఫోను అలుపు లేకుండా చేయగలదు. చేస్తుంది కూడా.

అయితే మన ఊళ్ల కుర్రాళ్లలో చాలామంది తెర మీద తొలిసారి తుపాకీ పట్టుకున్నది డూమ్‌లో కాదు. ఆ ఆట అమెరికాను ఊపేస్తున్న రోజుల్లో తెనాలిలో ఇంట్లో కంప్యూటరు ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక్కడ ఆ మోజు మొదలైంది 2000 తర్వాత, ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో. గంటకు ఇంత అని డబ్బు కట్టి, ప్లైవుడ్ అరల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ముందు ఎంసెట్ ఫలితం, తర్వాత ఈమెయిలు, ఇంకా సమయం మిగిలితే ఆట. బాపట్లలో 1981 నుంచే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. తెనాలికి దగ్గరలో వడ్లమూడిలో మరొకటి వచ్చింది. హాస్టలు గదుల్లోకి అసెంబుల్డ్ సిస్టమ్‌లు వచ్చాయి, గది నుంచి గదికి లాన్ వైర్లు పాకాయి. రాత్రి పదకొండు దాటాక ఒక గదిలోంచి ‘మామా, వెనకాల ఉన్నాడ్రా!’ అన్న కేక, పక్క గదిలోంచి నవ్వు. ఆ కేకల వెనక ఉన్నవి ముఖ్యంగా రెండు ఆటలు. ఒకటి కౌంటర్ స్ట్రైక్. రెండోది ఐజీఐ.

ఐజీఐ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ 2000 డిసెంబరులో వచ్చింది. తయారు చేసింది నార్వేలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్, ప్రచురించింది ఐడోస్. హీరో డేవిడ్ జోన్స్. ఒంటరిగా కంచె దాటి, కెమెరాల కంట పడకుండా, అలారం మోగకముందే పని ముగించుకుని బయటపడాలి. మొదటి మిషనే ఒక రైల్వే యార్డు. జంక్షన్ ఊరు తెనాలిలో పెరిగిన పిల్లవాడికి పట్టాలు, ఆగి ఉన్న వ్యాగన్లు, వాటి చాటున నక్కడం కొత్తేం కాదు కాబట్టి ఆ యార్డు మరీ నచ్చి ఉంటుంది. మిషను మధ్యలో ఆటను భద్రపరచుకునే వీలు లేదు. చివరి గేటు దగ్గర చచ్చిపోతే మళ్లీ మొదటి కంచె నుంచే. నెట్ సెంటర్లో డబ్బు కట్టిన గంటలోపు మిషను పూర్తి చేయాలన్న ఆరాటం, ఆ నిబంధన వల్ల రెండింతలయ్యేది.

అప్పటి షూటింగ్ ఆటల్లో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్య, ఇరుకు నడవల్లో సాగేవి. ఐజీఐలో మాత్రం కొండలు, మంచు మైదానాలు, కనుచూపు మేర నేల. కారణం ఆ స్టూడియో పూర్వచరిత్రలో ఉంది. వాళ్లు అంతకు ముందు 1997లో ‘జాయింట్ స్ట్రైక్ ఫైటర్’ అనే విమానం నడిపే ఆట చేశారు. ఆకాశం నుంచి భూభాగాన్ని చూపించడానికి రాసుకున్న ఇంజిన్‌నే ఐజీఐలో కాలినడకన తిరగడానికి వాడుకున్నారు. ఎక్కడో కొండ మీద పడుకుని, దూరంగా కనిపించే కాపలా బురుజును బైనాక్యులర్‌తో చూస్తూ ఎటు నుంచి దూరాలా అని ఆలోచించే ఆ నిదానం మన పిల్లలకు ఎందుకో బాగా పట్టింది. ఇప్పుడు ముప్పై అయిదు, నలభై ఏళ్ల వయసున్న తెలుగువాళ్లలో ఐజీఐ పేరు చెప్పగానే ముఖం వెలిగేవాళ్లు ఎంతమందో!

ఇంత ప్రేమించిన ఐజీఐని సొరుగులోని పాత ఫోనులో ఆడుకోవడం దాదాపు అసాధ్యం. మన ఊళ్లలో పెద్దగా ఎవరూ ఆడని డూమ్ మాత్రం అదే ఫోనులో హాయిగా నడుస్తుంది. పైపైన చూస్తే వింతే. లోతుగా చూస్తే, 1997లో ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఫలితం.

ఆ మనిషి జాన్ కార్మాక్, డూమ్ ఇంజిన్ రాసిన ప్రోగ్రామర్. 1997 డిసెంబరు 23న ఆయన డూమ్ సోర్స్ కోడ్ మొత్తాన్ని ఉచితంగా బయటపెట్టాడు. ఆట ఇంకా అమ్ముడుపోతోంది, బొమ్మలూ పటాలూ శబ్దాలూ ఉన్న ఫైలు మాత్రం కంపెనీదే, అది కొనుక్కోవాల్సిందే. కానీ ఆ ఫైలును చదివి, గోడలు గీసి, రాక్షసులను నడిపించే యంత్రాంగం అందరిదీ అయింది. డాస్ వెర్షన్ ఇవ్వలేకపోయారు. అందులో శబ్దం కోసం వాడిన భాగం మరొకరి సొత్తు. అందుకని లైనక్స్ వెర్షన్ ఇచ్చారు. ఆ అడ్డంకే మేలు చేసింది. డాస్‌కు అతుక్కుని ఉన్న తీగలన్నీ తెగిపోయి, ఎక్కడికైనా తీసుకుపోగల కోడ్ లోకానికి దక్కింది. పైగా డూమ్‌ను మొదటి నుంచీ నెక్స్ట్ కంప్యూటర్ల మీద రాసి, తర్వాత డాస్‌లోకి తెచ్చారు. ఎక్కువ భాగం సీ భాషలోనే ఉంది. వలస పోవడం దానికి పుట్టుకతోనే అలవాటు.

1999లో ఆ కోడ్‌నే జీపీఎల్ లైసెన్సు కిందికి మార్చారు. ఎవరైనా మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, తమ మార్పులను మాత్రం దాచిపెట్టకూడదు. ఇచ్చిన కోడ్‌ను తిరిగి లాక్కునే వీలు లేదు. అదే ఏడాది డిసెంబరులో ఆ కంపెనీ తర్వాతి ఆట క్వేక్, 2001లో క్వేక్ 2, 2005లో క్వేక్ 3 అరీనా వరసగా ఇదే దారి పట్టాయి.

ఇక్కడ తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. 2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు జెనీమ్యాక్స్ సంస్థను కొనడంతో దాని కింద ఉన్న ఇడ్ సాఫ్ట్‌వేర్ కూడా మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది. అంటే డూమ్ పేరూ, బొమ్మలూ, హక్కులూ ఇప్పుడు హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల నడిపే కంపెనీవి. అయినా పాత ఫోనులో నడిచే డూమ్ ఇంజిన్‌ను ఆ కంపెనీ కూడా మూసివేయలేదు. యజమానులు మారినా మూతపడని ఆట కావడమే డూమ్‌కు దక్కిన అసలు ఆయుష్షు.

ఫోనులో ఎక్కించడం ఎలా? అనుకున్నంత కష్టం కాదు. ఇంజిన్ ఒక యాప్, ఆట ఒక ఫైలు. డూమ్ మొదటి భాగం, తొమ్మిది మజిలీలది, 1993 నుంచీ ఉచితంగా పంచుకోమని ఇచ్చిందే. ఆ ఫైలు నాలుగు ఎంబీల పైన కొంచెం. మొత్తం ఆట కావాలంటే కొనుక్కుని, కంప్యూటర్లోంచి ఆ ఒక్క ఫైలును కేబుల్ ద్వారా ఫోను ఫోల్డర్లోకి కాపీ చేసుకోవాలి. కొనడం ఇష్టం లేనివాళ్ల కోసం ‘ఫ్రీడూమ్’ ఉంది. బొమ్మలు, పటాలు, శబ్దాలు అన్నిటినీ స్వచ్ఛందంగా కొత్తగా తయారు చేసి ఉచితంగా ఇచ్చిన ఆట అది. నెట్ సెంటర్ల కాలంలో మన దగ్గర తిరిగిన డిస్కుల్లో నకళ్లే ఎక్కువ. ఆ రోజుల్లో అసలైన డిస్కు ఈ ఊళ్లలో దొరకడమే గగనం. ఇప్పుడు ఆ సాకు లేదు. దొంగ కాపీ అవసరం లేకుండానే ఈ ఆటలన్నీ అందుబాటులో ఉన్నాయి.

ఈ పనిలో పాత ఫోనుదే పైచేయి అన్న సంగతి చాలామందికి తెలియదు. ఆండ్రాయిడ్ 11 వచ్చాక యాప్‌ల ఫోల్డర్లలోకి చేయి పెట్టనివ్వడం బాగా తగ్గింది. ఫైలు కాపీ చేద్దామంటే ఫోనే అడ్డుపడుతుంది. ఆండ్రాయిడ్ 14 అయితే మరీ పాత యాప్‌లను ఎక్కించుకోవడానికే ఒప్పుకోదు. మారుమాట లేకుండా ఫైలు తీసుకుని, పాత యాప్‌ను నడిపించేది సొరుగులోని ఫోనే. కొత్త ఫోను కొన్నవాళ్లు కూడా ఈ ఆటల కోసం పాతదాన్ని బయటికి తీయడంలో అర్థం ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఏళ్ల తరబడి చార్జింగు లేకుండా పడి ఉన్న లిథియం బ్యాటరీ కొన్నిసార్లు ఉబ్బుతుంది. వెనక మూత లేచినట్టు కనిపించినా, తెర ఒక పక్క ఎత్తుగా తోచినా చార్జింగు పెట్టకుండా ముందు బ్యాటరీ మార్పించాలి. మన కోస్తా వేసవిలో, నలభై డిగ్రీల మధ్యాహ్నం, చార్జింగులో ఉంచి ఆట ఆడటం అసలే వద్దు. డూమ్ ఫోనును పెద్దగా వేడెక్కించదు. ఎందుకంటే 386 ప్రాసెసర్లకు దశాంశాల లెక్కల కోసం ప్రత్యేక భాగం సాధారణంగా ఉండేది కాదు, అందుకని డూమ్ లెక్కలన్నీ పూర్ణసంఖ్యలతోనే సాగుతాయి. ఆ పొదుపు ఇవాళ బ్యాటరీకి కలిసివస్తోంది.

చేతికి వచ్చే ఇబ్బంది వేరే ఉంది. ఈ ఆటలన్నీ కీబోర్డు, మౌసు కోసం పుట్టినవి. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో తిరగాలి, అదే వేలితో కాల్చాలి. 4.7 అంగుళాల తెర మీద రెండు వేళ్లు పెడితే మిగిలేది ఎంత? మొదటి రోజు రాక్షసుల చేతిలో చావడం ఖాయం. కానీ డూమ్‌లో ఒక వెసులుబాటు ఉంది. అందులో తల పైకెత్తి చూడడం, కిందికి దించి చూడడం లేనే లేవు. శత్రువు మేడ మీద ఉన్నా గుంటలో ఉన్నా, ఎడమా కుడీ సరిగ్గా గురిపెడితే చాలు, ఎత్తును ఆటే సరిచేసుకుంటుంది. 1993లో బాణం మీటలతో ఆడేవాళ్ల కోసం చేసిన ఏర్పాటు అది. ముప్పై ఏళ్ల తర్వాత బొటనవేళ్లకు అది అతికినట్టు సరిపోయింది. క్వేక్ దగ్గరికొచ్చేసరికి పైకీ కిందికీ కూడా చూడాలి, అక్కడ తెర మీది వేళ్లు చాలవు.

ఓటీజీ కేబుల్ తగిలించి గేమ్‌ప్యాడ్ పెట్టుకోవడం దానికి మంచి విరుగుడు. మౌసు కూడా పెట్టుకోవచ్చు కానీ పాత ఫోన్లలో అది సరిగ్గా పొసగదు. మౌసు బాణాన్ని పూర్తిగా ఆట గుప్పిట్లో పెట్టే సదుపాయం ఆండ్రాయిడ్ 8తో, అంటే 2017లో వచ్చింది. అంతకు ముందు ఫోన్లలో బాణం తెర అంచుకు తగలగానే తిరగడం ఆగిపోయేది.

గ్రాఫిక్స్ సంగతికొస్తే, ఈ ఫోన్ల లోపల ఒక పాత చుట్టరికం దాగి ఉంది. స్నాప్‌డ్రాగన్ 410లో బొమ్మలు గీసే భాగం పేరు అడ్రీనో 306. అడ్రీనో వంశం క్వాల్‌కామ్ సొంతంగా మొదలుపెట్టింది కాదు. పీసీ గ్రాఫిక్స్ కార్డులకు పేరుపడ్డ ఏటీఐ కంపెనీ చేతిలో పట్టే పరికరాల కోసం ఇమేజియాన్ అనే చిప్పులు చేసేది. 2006లో ఏటీఐని ఏఎండీ కొన్నది. 2009 జనవరిలో ఆ చిన్న చిప్పుల విభాగాన్ని ఆరున్నర కోట్ల డాలర్లకు క్వాల్‌కామ్‌కు అమ్మేసింది. అడ్రీనో అక్కడి నుంచి వచ్చింది. ఆ ఏటీఐలోనే 2001లో చేరి గ్రాఫిక్స్ సాంకేతికత మీద పనిచేసిన రాజా కోడూరి మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. తర్వాత ఏఎండీ, ఆపిల్, ఇంటెల్‌లలో గ్రాఫిక్స్ విభాగాలకు పెద్దగా వ్యవహరించాడు. కాబట్టి పీసీ ఆట ఫోనులోకి రావడం పరాయి ఇంటికి వెళ్లడం లాంటిది కాదు. దాని కోసం పుట్టిన యంత్రాల రక్తమే ఫోనులోనూ ఉంది.

తెనాలి నుంచి రేపల్లెకు రైలు మార్గం సుమారు 34 కిలోమీటర్లు. వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన, రేపల్లె. వరి చేల మధ్య సాగే ఈ దారిలో ఫోను సిగ్నలు ఒకసారి ఉండి ఒకసారి పోతుంటుంది. రేపల్లె నుంచి రోజూ తెనాలి కాలేజీలకు వచ్చిపోయే పిల్లలకు కొత్త ఆటలు ఇక్కడే మొండికేస్తాయి, నెట్ లేనిదే తెరుచుకోవు కాబట్టి. పాత ఆటలకు ఆ బాధ లేదు. ఒకరి ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి మిగతావాళ్లు దానికి కలిస్తే చాలు, హాస్టలు గదుల మధ్య పాకిన లాన్ వైరు పని వైర్లు లేకుండా జరిగిపోతుంది. డేటా ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు.

అలా ఆడటానికి అన్నిటికన్నా అనువైనది కౌంటర్ స్ట్రైక్. దాని కథ ఇంజనీరింగ్ విద్యార్థులకు తప్పకుండా చెప్పదగ్గది. 1998 నవంబరులో వాల్వ్ కంపెనీ ‘హాఫ్ లైఫ్’ తెచ్చింది. క్వేక్ ఇంజిన్‌ను కొనుక్కుని, మార్చి, దాని మీద కట్టిన ఆట. ఆ హాఫ్ లైఫ్‌ను తీసుకుని కెనడాలో చదువుకుంటున్న మిన్ లీ అనే విద్యార్థి, జెస్ క్లిఫ్ అనే మరో కుర్రాడు కలిసి 1999లో కౌంటర్ స్ట్రైక్ చేశారు. అమ్మడానికి చేసింది కాదు, సరదాకి చేసి అందరికీ పంచిన మార్పు. జనం దాని మీద పడ్డారు. మరుసటేడు వాల్వ్ ఆ ఆటనూ, చేసినవాళ్లనూ తనలో కలుపుకుంది. బాపట్ల హాస్టళ్లలో నడిచిన ‘డస్ట్ 2’ పటం కూడా డేవ్ జాన్‌స్టన్ అనే అభిమాని గీసిందే. ఆటలో చేయి పెట్టడానికి దారి వదిలితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

హాఫ్ లైఫ్ ఇంజిన్ కోడ్‌ను వాల్వ్ అధికారికంగా విడుదల చేయలేదు. అయినా ఆ లోటును అభిమానులు పూడ్చారు. అదే ఫైళ్లను చదివి అదే విధంగా నడిపించే ఎక్సాష్ త్రీడీ అనే మరో ఇంజిన్‌ను తయారు చేసుకున్నారు. దానికి ఆండ్రాయిడ్ రూపం ఉంది. డబ్బిచ్చి కొన్న హాఫ్ లైఫ్‌లోని ఫోల్డర్‌ను ఫోనులోకి కాపీ చేసుకుంటే ఆట మొదలవుతుంది. 1998లో హాఫ్ లైఫ్ కోరింది 24 ఎంబీ ర్యామ్ కాబట్టి, 2015 నాటి ఫోనుకు అది భారమే కాదు.

ఇదే రైలు దారిలో ఉన్న భట్టిప్రోలు పేరు దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వినప్పుడు అక్షరాలు చెక్కిన ధాతువుల పేటికలు బయటపడ్డాయి. క్రీస్తు పూర్వం నాటి ఆ అక్షరాలను జార్జ్ బ్యూలర్ చదివాడు. కొన్ని గుర్తులు మిగతా బ్రాహ్మికి భిన్నంగా ఉన్నా, బ్రాహ్మి లిపి కీలకం పండితులకు అప్పటికే తెలుసు కాబట్టి చదవగలిగాడు. డూమ్ ఫైలులో ఏ బైటు ఏమిటో ఇవాళ లోకానికంతా తెలుసు. ఐజీఐ ఫైలు సంగతి అలా కాదు.

ఐజీఐని తయారు చేసిన ఇన్నర్‌లూప్ 2003లో మూతపడింది. కోడ్ బయటికి రాలేదు. హక్కులు కంపెనీల చేతులు మారాయి. కాబట్టి ఫోనులో ఐజీఐ ఆడాలంటే ఒక్కటే మార్గం: విండోస్ ప్రోగ్రామును ఉన్నదున్నట్టుగా ఫోనులో నడిపించడం. దానికి విన్‌లేటర్ అనే ఉచిత యాప్ ఉంది. అందులో రెండు పొరలు పనిచేస్తాయి. ఇంటెల్ ప్రాసెసర్ కోసం రాసిన ప్రతి ఆదేశాన్నీ ఫోనులోని ఆర్మ్ ప్రాసెసర్‌కు అర్థమయ్యేలా మార్చే పని బాక్స్64ది. విండోస్‌ను ఉద్దేశించి ఆట అడిగే ప్రతి కోరికనూ లైనక్స్ పద్ధతిలోకి మార్చే పని వైన్‌ది. 1993లో, అంటే డూమ్ పుట్టిన ఏడాదే మొదలైన ప్రాజెక్టు అది. రెండు దుబాసీలను మధ్యలో కూర్చోబెట్టుకుని బేరమాడినట్టు, పని జరుగుతుంది కానీ జాప్యం తప్పదు. పైగా దీనికి 64 బిట్ ఆండ్రాయిడ్ కావాలి. రెడ్‌మీ 2 ప్రైమ్‌లోని చిప్పు 64 బిట్‌దే, కానీ దానికిచ్చిన ఆండ్రాయిడ్ 32 బిట్‌ది. అక్కడితో దారి మూసుకుపోయింది.

64 బిట్ ఆండ్రాయిడ్ ఉన్న తర్వాతి ఫోన్లలో ప్రయత్నించవచ్చు, ఓపిక ఉంటే. 2000 నాటి విండోస్ పీసీ మీద సాఫీగా సాగిన ఆట, దానికన్నా ఎన్నో రెట్లు బలమైన ఫోనులో తడబడుతుంది. బలం చాలక కాదు, కోడ్ చేతిలో లేక.

ఇది బాధ కలిగించే విషయం, బాధగానే చెప్పుకోవాలి. ఒక తరం తెలుగు కుర్రాళ్లు తమ సాయంత్రాలను ఇచ్చి ప్రేమించిన ఆట అది. ఇరవై అయిదేళ్లు దాటాయి. ఆ కోడ్ దాచిపెట్టడం వల్ల ఇప్పుడు ఎవరికీ లాభం రావడం లేదు. బొమ్మలూ పటాలూ తమ దగ్గరే ఉంచుకుని, ఇంజిన్ ఒక్కటి వదిలిపెడితే చాలు, నాలుగు నెలల్లో అది ఫోన్లలోకి వస్తుంది. అప్పుడు ఆట కొనేవాళ్లు కూడా పెరుగుతారు. డూమ్ ఇప్పటికీ అమ్ముడుపోతోందంటే కోడ్ వదిలిపెట్టినందుకే, వదిలిపెట్టినా కాదు.

పనైపోయిందని పక్కన పెట్టినదాన్ని మళ్లీ చేతికి తీసుకోవడం తెనాలికి కొత్త విద్య కాదు. ఈ ఊరి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర వాహనాల పాత ఇనుమును, నట్లను, బోల్టులను, గేర్లను, గొలుసులను అతికి విగ్రహాలు చేస్తారు. నట్లతోనే గాంధీని మలిచారు. 2021లో పాత ఇనుముతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం చేసినప్పుడు దేశమంతా ఇటు చూసింది. డెల్టా గ్రామాల్లో ట్రాక్టరు ఆగిపోతే కంపెనీ మనిషి కోసం ఎవరూ ఎదురుచూడరు, రోడ్డు పక్క మెకానిక్కే విప్పి బాగుచేస్తాడు. అమెరికా రైతుకు ఆ స్వేచ్ఛ తగ్గిపోయింది. కొత్త ట్రాక్టర్ల లోపలి సాఫ్ట్‌వేర్‌కు కంపెనీలు తాళం వేశాయి. 2022 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సభలో ‘సిక్ కోడ్స్’ అనే మారుపేరున్న పరిశోధకుడు జాన్ డీర్ ట్రాక్టరు తెర తాళాన్ని ఛేదించి, రుజువుగా దాని మీద నడిపించింది ఏ ఆటనో తెలుసా? డూమ్‌నే. మొక్కజొన్న చేనులో ట్రాక్టరు తిరుగుతున్నట్టు మార్చిన డూమ్. రైతు కొన్న యంత్రం మీద రైతుకే అధికారం ఉండాలన్న వాదనకు ఒక ఆట సాక్ష్యమైంది. అదే ఏడాది డిసెంబరు 24న మన కేంద్ర ప్రభుత్వం కూడా మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. ఫోన్లు, ట్రాక్టర్లు రెండూ దాని పరిధిలో ఉన్నాయి.

పిల్లల చేతికి తుపాకీ ఆటలు ఇవ్వడమేమిటని తల్లులు, తండ్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. డూమ్‌లో నెత్తురుంది, రాక్షసులున్నారు, చిన్నపిల్లలకు అది తగదు. ఇంటర్ దాటిన పిల్లల సంగతి వేరు. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీని నిషేధించే నాటికి మన ఇళ్లలో గొడవ తుపాకీ గురించి మాత్రమే కాదు. ఎప్పటికీ అయిపోని ఆట గురించి, మధ్యలో డబ్బు అడిగే ఆట గురించి, అన్నానికి పిలిస్తే లేవనివ్వని ఆట గురించి. పాత ఆటలో ఆ మూడూ లేవు. తొమ్మిది మజిలీలు అయ్యాక మొదటి భాగం అయిపోతుంది. నాణేలు కొనమనదు, ప్రకటన చూపదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి ‘వస్తున్నానమ్మా’ అని లేచిపోవచ్చు. ఆటకు ముగింపు ఉండడం చిన్న గుణం కాదు.

బాపట్లలోనో వడ్లమూడిలోనో సీ భాష నేర్చుకుంటున్న విద్యార్థులు డూమ్ ఆడడంతో ఆగక, లోపలికి తొంగి చూడాలి. ల్యాబ్‌లో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాసి రికార్డులో అంటించే బదులు, కోట్ల మంది ఆడిన ఆట కోడ్ చదివే అవకాశం ఉచితంగా ఉంది. గదులున్న పటాన్ని ముందే ముక్కలుగా కోసి, ఏ గోడ ముందు గీయాలో ఏది వెనక గీయాలో క్షణంలో తేల్చే బీఎస్‌పీ పద్ధతి అందులో కళ్లముందు కనిపిస్తుంది. 1980లో పరిశోధకులు ప్రచురించిన ఆ ఆలోచనను కార్మాక్ 386 మీద నడిచేలా చేశాడు.

ఇంకొక చిన్న ముచ్చట ఉంది, దాని కోసమైనా ఆ కోడ్ తెరిచి చూడాలి. డూమ్‌లో అదృష్టం అనేది నిజానికి 256 అంకెల పట్టిక. రాక్షసుడి దెబ్బ ఎంత తగలాలి, గురి ఎంత తప్పాలి, అన్నీ ఆ పట్టికలోంచి వరసగా తీసినవే. పట్టిక ఎప్పుడూ మారదు కాబట్టి, ఒకరు నొక్కిన మీటలను భద్రపరిస్తే చాలు, ఆట మొత్తం మళ్లీ అచ్చంగా అలాగే జరుగుతుంది. డూమ్ సెకనుకు 35 సార్లు మీటలను చూస్తుంది, ఒక్కోసారికి నాలుగు బైట్లు రాసుకుంటుంది. నిమిషానికి 8,400 బైట్లు. వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ ఇంతకన్నా చాలా పెద్దది. 1994లో అమెరికాలో ఎవరో రికార్డు చేసిన ఆటను చాక్లెట్ డూమ్ లాంటి ఇంజిన్ ఇవాళ్టికీ అడుగు తేడా లేకుండా ఆడి చూపిస్తుంది. తెనాలిలో ఒకడు మొదటి మజిలీని ఎంత వేగంగా దాటాడో రేపల్లెలో ఉన్న స్నేహితుడికి చూపించాలంటే వీడియో తీయనక్కర్లేదు. ఇద్దరి ఫోన్లలో ఒకే వెర్షన్ ఉంటే, ఆ చిన్న ఫైలును బ్లూటూత్‌లో పంపితే చాలు. అవతలి ఫోనే ఆ ఆటను మొదటి నుంచి మళ్లీ ఆడుతుంది.